గోడవతలి వైస్ ప్రెసిడెంట్

"వదినా, ముప్పయ్యొక్క ఏండ్ల పిలగాడు అంత పెద్ద బ్యాంకుకు వైస్ ప్రెసిడెంట్ ఎట్లయితడే? వాళ్ల నాయినన్నా ఓనరై ఉండాలె, లేకుంటే మధ్యవర్తన్నా అబద్ధమాడుతుండాలె."

మా గోడవతలి వదిన ఏ ముచ్చటైనా ఇట్లా సగం తీర్పుతోనే మొదలుపెడుతుంది. గోడకు ఆనుకున్న అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ మాట్లాడుతుంది. నాకు కనబడేది ఆమె కొప్పు, వినబడేది కత్తెర చప్పుడు. ఆకు మీద తంబాకు చల్లి, చుట్టి, కొస మడిచి, దారం తిప్పేలోపు ఒక ప్రశ్న అడిగేస్తుంది. ఇంకో బీడీ అయ్యేలోపు జవాబు చెప్పాలి. ధర్పల్లిలో మా వాడంతా ఇంతే. ఆ బీడీలతోనే బిడ్డను చదివించింది. పిల్ల నిజామాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ పూర్తిచేసి సీఏ ఫైనల్‌కు చదువుతున్నది. ఆ పిల్లకే ఇప్పుడు పట్నం నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు గచ్చిబౌలి దిక్కు ఏదో అమెరికా బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్.

నేను సర్కారు బ్యాంకులో స్కేల్ త్రీ దాకా ఎక్కి రిటైరైనదాన్ని. మా చెల్లె బిడ్డ పట్నంలో అట్లాంటి ఆఫీసులోనే ఎనలిస్ట్‌గా చేరి ఈమధ్యనే అసోసియేట్ అయింది. బ్యాంకు మాట వస్తే వదిన నన్ను వదలకపోవడానికి కారణం అదీ.

"అబద్ధం కాదు, ఓనరూ కాదు," అన్నాను. "ఆ బ్యాంకులల్ల వైస్ ప్రెసిడెంట్లు మస్తు మంది ఉంటరు."

ఎంత మందో చెప్పడానికి ఒక పాత ముచ్చట ఎత్తాను. 2012 మార్చిలో గోల్డ్‌మన్ శాక్స్‌లో గ్రెగ్ స్మిత్ అనే ఆయన లండన్ నుంచి రాజీనామా చేస్తూ, బ్యాంకును దులిపేస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు. ఆయన హోదా ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. అబ్బో, డైరెక్టరే తిరగబడ్డాడని లోకమంతా నోరు తెరిచింది. బ్యాంకు పెద్దలు చల్లగా జవాబిచ్చారు: మా దగ్గర 30,000 మందికి పైగా పనిచేస్తున్నారు, అందులో దాదాపు 12,000 మంది వైస్ ప్రెసిడెంట్లే, ఈయన వాళ్లలో ఒకడు. అమెరికాలో వైస్ ప్రెసిడెంట్ అన్న మెట్టునే ఆ బ్యాంకు లండన్‌లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అనేది. సముద్రం దాటితే హోదా ఎట్లా పెరుగుతుందో చూడండి.

బీడీలు లెక్కబెట్టే చేతికి కాగితం అక్కర్లేదు. "అంటే అయిదుగుర్ల ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లే," అంది వదిన. "మరి పని చేసేదెవరే?"

అసలు ప్రశ్న అదే. కానీ పనేమిటో చెప్పకుండా పని చేసేదెవరో చెప్పలేం. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు మా బ్యాంకు లాంటిది కాదు. పాస్‌బుక్ ఉండదు, బంగారం మీద అప్పు ఉండదు, ఒకటో తారీఖు పింఛన్ల క్యూ ఉండదు. ఒక కంపెనీ షేర్లు అమ్ముకోవాలన్నా, ఒక కంపెనీని ఇంకొకరు కొనాలన్నా దాని ధర ఎంతో లెక్కకట్టి, కొనేవాళ్లను వెతికి, బేరం తెగేదాకా నడిపించి ఫీజు తీసుకోవడం వీళ్ల పని. మన దేశంలో సెబీ వీళ్లను 1992 నాటి నిబంధనల కింద మర్చంట్ బ్యాంకర్లుగా నమోదు చేస్తుంది.

ఉదాహరణకు, వదినకు సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గుర్తున్నాడు. తెలుగువాళ్లలో ఆ పేరు గుర్తులేనివాళ్లు ఎవరులే. 2008 డిసెంబరు ఆఖరున కంపెనీకి ఏదైనా దారి చూపమని డీఎస్‌పీ మెరిల్ లించ్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకును పెట్టుకున్నారు. వాళ్లు పుస్తకాలు తెరిచారు. పది పన్నెండు రోజులు తిరక్కముందే, 2009 జనవరి 6న, మాకీ పని వద్దని తప్పుకున్నారు. లెక్కల్లో పెద్ద తేడాలు కనబడ్డాయని స్టాక్ ఎక్స్‌ఛేంజీలకు రాశారు. మర్నాడే, జనవరి 7న, ఆ లెక్కలు దొంగవేనని రాజుగారి ఒప్పుకోలు లేఖ బయటికొచ్చింది. తర్వాత సర్కారు వేసిన కొత్త బోర్డు గోల్డ్‌మన్ శాక్స్‌ను, అవెండస్‌ను పిలిచి కంపెనీని వేలానికి పెట్టింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి గెలిచింది. ఎల్ అండ్ టీ 45.90 దగ్గర ఆగిపోయింది. వేల మంది మన పిల్లల కొలువులు ఆ వేలంతో నిలబడ్డాయి.

"పుస్తకాలు తెరిచిండ్రన్నవ్ కద, ఎవరు తెరిచిండ్రు? వైస్ ప్రెసిడెంటేనా?"

సత్యం పుస్తకాల ముందు ఎవరు కూర్చున్నారో నేను చెప్పలేను గానీ, ఈ కొలువులో పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది మామూలుగా ఎనలిస్టే. కాలేజీ అయిపోగానే చేరే ఇరవై రెండేళ్ల పిల్లలు వీళ్లు. రెండు మూడేళ్లు ఆ పేరుతోనే ఉంటారు. ఎక్సెల్‌లో కంపెనీ భవిష్యత్తంతా వరుసలు కట్టడం, ఖాతాదారుకు చూపించే పిచ్‌బుక్ తయారుచేయడం వీళ్ల వంతు. 2021లో గోల్డ్‌మన్ మొదటి ఏడాది ఎనలిస్టులు కొందరు తమలో తామే ఒక సర్వే చేసుకుని పైవాళ్లకు చూపించారు. వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి అయిదు గంటల నిద్ర అని తేలింది. అది బయటపడి గొడవయ్యాక జీతాలు పెరిగాయి. నిద్ర పెరిగిందని మాత్రం మా చెల్లె బిడ్డ ఒప్పుకోదు.

దాని సంగతి దగ్గర్నుంచి చూశాను. సంక్రాంతికి ఇక్కడికి వచ్చింది. అది కూర్చున్నది గచ్చిబౌలిలోనే అయినా పని లండన్ జట్టుకు. అర్ధరాత్రి దాటాక వంటింట్లో లైటు వెలుగుతుంటే లేచి చూశాను. ల్యాప్‌టాప్ పిండిడబ్బా మీద పెట్టుకుని కూర్చుంది. లండన్ నుంచి వైస్ ప్రెసిడెంట్ పంపిన దిద్దుబాట్లు, పేజీ నిండా ఎరుపే. ఫలానా పేజీ అడుగున గమనికలో పూర్ణవిరామం తర్వాత రెండు ఖాళీలున్నాయి, ఒకటి తీసెయ్. ఫలానా పట్టికలో అంకెలు కుడివైపుకు జరగాలి. ఒకచోట ఆదాయం మిలియన్లలో ఉంది, పక్క పేజీలో బిలియన్లలో ఉంది, ఒకటి చెయ్. "ఇది చూసుకునేటందుకు వైస్ ప్రెసిడెంట్ కావాల్నా?" అన్నాను. "ఆయన కూడా మొన్నమొన్నటిదాకా ఇదే చేసిండు పెద్దమ్మా, అందుకే కండ్లకు కొట్టొచ్చినట్టు కనబడ్తది," అంది.

దాని మాటల్లో ఆ నిచ్చెన మొత్తం ఉంది. ఎనలిస్టు చేసినదాన్ని అసోసియేట్ సరిచూస్తాడు. ఎంబీఏ చేసి వచ్చినవాళ్లు నేరుగా ఇక్కడే చేరుతారు, కింది నుంచి ఎక్కినవాళ్లకు వీళ్లంటే కొంచెం మంట. మరో మూడు నాలుగేళ్లకు వైస్ ప్రెసిడెంట్. అసలు బేరం రోజువారీగా నడిపేది ఈయనే. పైన పెద్దాయన భోజనాల దగ్గర ఇచ్చిన మాటను కింద పిల్లలు చేయగల పనిగా మార్చాలి. కొన్ని బ్యాంకులు ఈ మధ్యలో అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్ అని ఇంకో చిన్న మెట్టు పెడతాయి. ఆపైన ఒక్కొక్కరిది ఒక్కో పేరు. జేపీ మోర్గాన్‌లో, మోర్గాన్ స్టాన్లీలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అంటారు, బ్యాంక్ ఆఫ్ అమెరికాలో డైరెక్టర్ అంటారు. గోల్డ్‌మన్‌లో ఆ మెట్టే లేదు, వైస్ ప్రెసిడెంట్ తర్వాత ఏకంగా మేనేజింగ్ డైరెక్టరే. అందుకే అక్కడ వైస్ ప్రెసిడెంట్లు అట్లా పోగుపడ్డారు.

వైస్ ప్రెసిడెంట్ దాకా పని తెలిసినవాడు ఎక్కుతాడు. అక్కడి నుంచి మనుషులు తెలిసినవాడు ఎక్కుతాడు. మేనేజింగ్ డైరెక్టర్‌ను ఈ ఏడాది ఎన్ని లెక్కలు కట్టావని ఎవరూ అడగరు, ఎంత వ్యాపారం తెచ్చావని అడుగుతారు. నిద్రమాని ఎక్సెల్‌తో కుస్తీపట్టి నేర్చుకున్న విద్య సరిగ్గా పైకి పోయేసరికి అక్కరకు రాదు. ఈ పద్ధతిలో నాకు నచ్చని ముచ్చట ఇదే. నచ్చినది కూడా చెప్పాలి: ఆ మెట్టు దగ్గర ఆగిపోయినవాడిని అక్కడే కూర్చోబెట్టి పింఛను దాకా మోయరు. వేరే చోటు చూసుకోమంటారు. మా దగ్గర అట్లా పింఛను దాకా కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

"మేనేజింగ్ డైరెక్టర్ అయితే ఒక్కడే ఉంటడు కద?" అంది వదిన.

మన దగ్గర మాటకు అదే అర్థం మరి. స్టేట్ బ్యాంకునే తీసుకోండి. రెండు లక్షల మందికి పైగా సిబ్బంది, ఒక చైర్మన్, ఆయన కింద నలుగురు మేనేజింగ్ డైరెక్టర్లు. గోల్డ్‌మన్ 2021లో ఒక్క విడతలోనే 643 మందిని మేనేజింగ్ డైరెక్టర్లను చేసింది. మళ్లీ రెండేళ్లకు ఇంకో విడత. మరి వీళ్లలో పెద్దవాళ్లెవరో ఎట్లా తెలియాలి? అందుకని పైన పార్ట్‌నర్ అని ఇంకో పేరు ఉంది. 1999లో షేర్ మార్కెట్‌కు వచ్చేదాకా ఆ సంస్థ నిజంగానే భాగస్వాముల సొత్తు. లాభం వాళ్లదే, మునిగితే వాళ్ల సొంత సొమ్మే మునిగేది. ఇప్పుడు సంస్థ షేర్‌హోల్డర్లది, కానీ ఆ పేరు మీద మోజు పోలేదు. రెండేళ్లకోసారి కొందరిని ఎంచి ఇస్తారు. 2024లో 95 మందికి దక్కింది.

ఇన్ని పేర్లు ఎందుకంటే, నాకు తోచిన కారణం ఇది. వందల కోట్ల ఫీజు ఇచ్చే కంపెనీ యజమాని తన ఎదుట చిన్న ఉద్యోగి కూర్చుంటే చిన్నబుచ్చుకుంటాడు. వచ్చినవాడి కార్డు మీద వైస్ ప్రెసిడెంట్ అని ఉంటే కుర్చీ ముందుకు జరుపుతాడు. కార్డు అచ్చుకు అయ్యే ఖర్చెంత? జీతం పెంచడం కంటే హోదా పెంచడం చవక. ఒక బ్యాంకు పెంచితే పక్క బ్యాంకు పెంచక తప్పదు, లేకుంటే పిల్లలు అటు దూకుతారు.

ఇది అమెరికావాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. మన నిజాం దర్బారు దీన్ని ఎప్పుడో పండించింది. ఖాన్, ఖాన్ బహదూర్, ఆపైన జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నింటికంటే పైన జా. మీర్ తురాబ్ అలీ ఖాన్ అంటే ఎవరికీ తెలియదు, సాలార్ జంగ్ అంటే లోకమంతా తెలుసు. మనకు మంజీర నీళ్లిచ్చిన నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఒక్క కత్తీ దూయకుండానే ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అయ్యాడు. 1923లో మొదలుపెట్టి 1931కి ప్రాజెక్టు పూర్తిచేశాడు. ఆయన పుట్టినరోజు జులై 11నే ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్స్ డే. బిరుదుకు తగిన పని చేసినవాళ్లు చరిత్రలో అంతగా కనబడరు, ఈయన కనబడ్డాడు.

మా సర్కారు బ్యాంకుల నిచ్చెన వేరు. 1979 సర్వీసు నిబంధనల నాటి నుంచి అందరికీ ఒకే స్కేళ్లు. చాలాకాలం అవి స్కేల్ వన్ అసిస్టెంట్ మేనేజర్ నుంచి స్కేల్ సెవెన్ జనరల్ మేనేజర్ దాకా ఉండేవి. ఇందులోనూ తికమక లేకపోలేదు. చాలా బ్యాంకుల్లో మేనేజర్ అంటే స్కేల్ టూ, స్టేట్ బ్యాంకులో మేనేజర్ అంటే స్కేల్ త్రీ. కానీ స్కేల్ చెబితే చాలు, జీతం ఎంతో, ఇంటి అద్దె ఎంత వస్తుందో ఎదుటివాడు కూర్చున్నచోటే లెక్కగట్టేస్తాడు. దాపరికం లేదు. ప్రమోషన్ లెటర్ వెనకాలే బదిలీ లెటర్ వస్తుంది, అదొక్కటే ముల్లు. పిల్లలు చిన్నవాళ్లని స్కేల్ ఫోర్‌కు నేను దరఖాస్తే పెట్టలేదు. నాతో చేరిన ఆడవాళ్లలో సగం మంది స్కేల్ త్రీలోనో ఇంకా కిందో ఆగారు. మగవాళ్లు ఎక్కారు. ఆ సంగతి ఏ స్కేల్ పట్టికలోనూ కనబడదు.

వదిన తల్లిగారిల్లు బోధన్ దిక్కు. వాళ్ల నాయిన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌కు చెరుకు తోలినవాడు. పెద్ద హోదాల మాట వినీ వినీ ఆమెకు అది గుర్తొచ్చింది.

"మా నాయినకు ఫ్యాక్టరీల జనరల్ మేనేజర్ ఎవరో తెల్వదే. ఫీల్డ్‌మన్ ఎవరో తెలుసు. ఆయన చిట్టీ రాస్తేనే చెరుకు నరుకుడు. ఆయన ఇంటికొస్తే కోడి తెగాల్సిందే. జనరల్ మేనేజర్ వస్తే మా నాయిన లేచి నిలబడెటోడో లేదో, చెప్పలేను."

ఆ ఫ్యాక్టరీ కథలోనూ ఈ బ్యాంకులు చేసేలాంటి పని ఉంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఫ్యాక్టరీని 2002లో సర్కారు 51 శాతం వాటాతో ప్రైవేటుకు అప్పగించింది. నిజాం డెక్కన్ షుగర్స్ అని పేరు మారింది. ధర మీద గొడవైంది, తర్వాత శాసనసభా సంఘం విచారణ కూడా నడిచింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఏ ఫ్యాక్టరీని అమ్మినా ఎవరో ఒకరు వరుసలు కట్టాలి: భూమికెంత, యంత్రాలకెంత, రాబోయే ఏండ్ల లాభానికి ఇవాళ్టి విలువెంత. అందులో ఒక్క అంకె, పంచదార ధర ఏటా ఎంత పెరుగుతుందన్నది, అటు ఇటు కదిలిస్తే చాలు, మొత్తం ధర కోట్లలో మారిపోతుంది. ఆ అంకె దగ్గర వేలు పెట్టేది చిన్న హోదా మనిషి. సంతకం పెట్టేది పెద్ద హోదా మనిషి. చిట్టీ రాసే ఫీల్డ్‌మన్ అక్కడా ఉన్నాడన్నమాట, ఎనలిస్ట్ అన్న పేరుతో.

"సరే, మన పిలగాని సంగతి చెప్పు," అంది వదిన, కట్ట కట్టి పక్కన పెట్టి.

పట్నంలో జేపీ మోర్గాన్ ఉంది, వెల్స్ ఫార్గో ఉంది, బ్యాంక్ ఆఫ్ అమెరికా, హెచ్ఎస్‌బీసీ ఉన్నాయి, 2021లో గోల్డ్‌మన్ శాక్స్ కూడా వచ్చింది. రాయదుర్గం నుంచి నానక్‌రాంగూడ దాకా ఆ అద్దాల మేడల్లో కంపెనీలు కొని అమ్మే బేరగాళ్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, ప్రపంచమంతా జరిగిన లావాదేవీలను సరిచూసేవాళ్లు, రిస్కు లెక్కలు కట్టేవాళ్లు, దొంగసొమ్ము కదిలిందేమోనని కాపలా కాసేవాళ్లు ఎక్కువ. వాళ్లవి చిన్న పనులని కాదు. ఆ లెక్క తప్పితే బ్యాంకు మునుగుతుందని 2008లో లేమన్ బ్రదర్స్ చూపించింది. హోదా పేర్లు మాత్రం అందరికీ అవే. న్యూయార్క్‌లో కంపెనీల బేరం నడిపేవాడూ వైస్ ప్రెసిడెంటే, మన దగ్గర కోడ్ రాసే జట్టును నడిపేవాడూ వైస్ ప్రెసిడెంటే. వచ్చే బోనస్‌లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

వదిన వెంటనే పట్టుకుంది. "మా ఆయన దుబాయ్ వీసాల ప్లంబర్ అని ఉండె. ఏండ్లకేండ్లు చేసింది ఏసీల పని. నడుమ నడుమ డ్రైవర్ పని గూడ చేసిండు. ఆ వీసా చూసి ఎవ్వలన్న పిల్లనిస్తే ఏసీలు చల్లబడేటివా? గట్లనే కద ఇది?"

గట్లనే. అందుకే మధ్యవర్తిని ఏమేమి అడగాలో చెప్పడం మొదలుపెట్టాను. వైస్ ప్రెసిడెంట్ సరే, ఏ డివిజన్? ఆ పేరు వచ్చి ఎన్నేండ్లయింది? ఏడాదయితే ఒకటి, ఆరేండ్లుగా అక్కడే ఉంటే ఇంకొకటి. కింద ఎంతమంది పనిచేస్తున్నారు, లేక ఒక్కడేనా? బోనస్ మీద ఇల్లు కొన్నాడా? కొంటే ఈఎంఐ జీతంలో తీరుతుందా, బోనస్ వస్తేనే తీరుతుందా? ఇది చివరిదైనా దీన్ని గట్టిగా అడగమన్నాను. చేతికి రాని బోనస్ మీద ఫ్లాట్లు కొన్నవాళ్ల అప్పుల కాగితాలు నా టేబుల్ మీదికి చాలానే వచ్చాయి.

ఇంతలో వాళ్ల పిల్ల స్కూటీ లోపల పెట్టి అరుగు దగ్గరికొచ్చింది. మేమిద్దరం ఆమె బతుకును గోడ మీద పెట్టి కొలుస్తున్నామని అర్థమైనట్టుంది, నవ్వింది.

"అత్తమ్మా, ఆయనది రిస్కు డిపార్ట్‌మెంట్. లోన్ల లెక్కలు కట్టే మోడళ్లు సరిగ్గ ఉన్నయా లేవా చూస్తడు. వైస్ ప్రెసిడెంట్ అయ్యి రెండేండ్లు. కింద ఇద్దరు. ఆయన ప్రొఫైల్ మొన్ననే చూసిన, మాట్లాడిన గూడ."

వదిన కత్తెర ఆగింది. "మాట్లాడినవా? ఎప్పుడే?"

"ఫోన్ల, అమ్మా. టైటిల్ గురించి కాదు. ఒక్కటే అడిగిన. మీ బాసు లండన్ల ఉంటడా, న్యూయార్క్‌ల ఉంటడా అని."

నేను చెప్పిన ప్రశ్నల్లో ఇది లేదు. అడగాల్సిన ప్రశ్నే. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదైతే మనకు వాళ్ల ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. బాసు అక్కడుంటే అసలు మీటింగులు మన దీపాల వేళ తర్వాతే మొదలవుతాయి. లండన్ అయితే వాళ్ల పొద్దు మన మధ్యాహ్నంలోనే తెల్లారుతుంది, రాత్రి అన్నం వేళకు మనిషి ఇంట్లో ఉండే ఆశ ఉంటుంది.

"ఏమన్నడే?" అంది వదిన.

"ఇప్పటికి లండన్. మార్చిల మారొచ్చన్నడు. డైరెక్టర్ అయితే న్యూయార్క్ టీం ఇస్తరట."

వదిన నా వైపు తలెత్తి చూసింది. "వదినా, వానికి ఆ ప్రమోషన్ రాకుంట మొక్కుకోవాల్నా ఏంది?"

"సీఏ ఫైనల్ నాది మేల ఉంది," అంది పిల్ల, చెప్పులు విప్పుతూ. "అది అయ్యేదాంక ఆయన ఏ టైంల ఉంటే నాకేంది? ముందు మధ్యవర్తికి నా ఎగ్జాం తారీఖు చెప్పుండ్రి."